పుదీనా ప్యాకేజీ

కొత్తగా కస్టమర్ కేర్ ఉద్యోగంలో చేరినవాళ్లెవరైనా ఇది చదువుతుంటే ముందుగా ఒక మాట. మీకు హెడ్‌సెట్‌తో పాటు ఒక కార్డు ఇస్తారు. దాని మీద ఒక వాక్యం మహా మర్యాదగా అచ్చువేసి ఉంటుంది. మా ఆఫీసులో ఆ వాక్యం ఇంగ్లీషులో ఉంటే, తెలుగు లైను కోసం నేనే కూర్చుని తెలుగు చేశాను: "క్షమించండి, ఈ సమస్య మా సేవల పరిధిలోకి రాదు." రెండు రోజులు పట్టింది దానికి. 'పరిధి' అనాలా, 'పరిమితి' అనాలా అని మా ఆయన్ని కూడా నిద్రపోనివ్వలేదు. అంత కష్టపడి తయారుచేసిన కార్డుని మానిటర్ కింద అంటించుకుని, ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా చదవలేదు. అది నా గొప్ప. దాచుకోవడం ఎందుకు, కనపడినవాళ్లందరికీ చెప్పుకునేదాన్ని.

మాది సిడ్నీలో, పారమటాలో ఉన్న లోకల్ వీడియో స్ట్రీమింగ్ కంపెనీ. ప్రపంచమంతా పరుచుకున్న పెద్ద కంపెనీల పక్కన సందు చివరి కిరాణా కొట్టు లాంటిది. ఫుటీ అని పిలుచుకునే ఇక్కడి ఫుట్‌బాల్ మ్యాచ్‌లు, ఇక్కడి సీరియళ్లు, వంట పోటీలు, ఒక మూలన తెలుగు, తమిళం, పంజాబీ. చేరినవాళ్లకి టీవీ వెనకాల గుచ్చుకునే వేలెడంత స్టిక్ ఒకటి పంపేవాళ్లు. అది పనిచేయకపోతే మాకు ఫోన్ చేసేవాళ్లు. తెలుగులో ఎత్తేది నేనొక్కదాన్నే.

ఫోన్ చేసేవాళ్లలో ఎక్కువమంది పెద్దవాళ్లు. పిల్లలు ఆఫీసులకి పోయాక పగలంతా టీవీ వాళ్లదే కదా. వాళ్లలో ఒక్కరికీ 'స్ట్రీమ్' అన్న మాట నోరు తిరిగేది కాదు. అందరికీ అది స్టీమే. స్టీమ్ ఆగిపోయిందనేవారు, స్టీమ్ గుండ్రంగా తిరుగుతోందనేవారు. కెల్లీవిల్ నుంచి ఒకావిడైతే, నిన్నటి నుంచి స్టీమ్ పట్టడం లేదు, మా వారికి జలుబు కూడా తగ్గలేదు అని రెండూ కలిపేసి చెప్పింది. మొదట్లో దిద్దేదాన్ని. తర్వాత విసుగొచ్చి మానేశాను. వాళ్లు స్టీమ్ అంటే నా చెవే 'ర' తగిలించుకుని లోపలికి పంపేది. సరిగ్గా అక్కడే దెబ్బతిన్నాను.

ఇంకో ఇద్దరి గురించి చెప్పాలి. నా పక్క సీటులో ఇంగ్లీషు లైను చూసే ఆవిడ ఉండేది. ఇక్కడి మనిషే, యాభై దాటింది, ఎవరినైనా 'లవ్' అనే పిలిచేది, కోపంగా ఉన్నప్పుడు కూడా. గాలి పీల్చుకుని వస్తానని గంటకోసారి కార్ పార్కులోకి వెళ్లేది, వచ్చేటప్పుడు పిప్పరమెంటు వాసనతో వచ్చేది. పాపం అరుగుదల లేదు కాబోలు, బిళ్లలు చప్పరిస్తోంది అనుకునేదాన్ని. ఒకసారి ఇంటి నుంచి వాము తెచ్చి కూడా ఇచ్చాను. థాంక్యూ లవ్ అని తీసుకుంది.

రెండో మనిషి మా సూపర్‌వైజరు. హైదరాబాదు పాతబస్తీ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినాయన. మర్యాదస్తుడే గానీ ఆయన ప్రాణం గడియారంలో ఉండేది. ఒక కాల్ ఏడు నిమిషాలు దాటకూడదు. దాటితే మా వెనకొచ్చి నిలబడి గొంతు సవరించుకునేవాడు. నేనేమో బాపట్ల మనిషిని, అవతలివాళ్ల యోగక్షేమాలు కనుక్కోకుండా ఫోన్ ఎలా పెట్టేది? నా రిటైర్మెంటు ఇంకో మూడు నెలలుందనగా ఆయన పిలిచి నెమ్మదిగానే చెప్పాడు. నా కాల్స్ ఇలాగే సాగితే తెలుగు లైను తీసేసి, అదే జవాబులు చెప్పే మిషను పెడతారట. నేను పోయాకైనా లైను ఉండాలంటే, పనికిరాని కాల్ వచ్చినప్పుడు కార్డు చదివి పెట్టేయమన్నాడు. సరే సార్ అన్నాను. నిజంగానే అనుకున్నాను కూడా, ఇకనుంచి చదవాలని.

ఆ వారంలోనే వచ్చింది ఆ ఫోను. మధ్యాహ్నం, అప్పుడే పెరుగన్నం తిని కూర్చున్నాను.

"అమ్మా, నాకు స్టీమ్ వస్తలేదు" అన్నాడు పెద్దాయన. తెలంగాణ మాట, కరీంనగర్ వైపుది. గొంతులో కంగారు ఉంది. గిరావీన్‌లో కూతురింట్లో ఉంటాడట. స్టిక్ కొత్తదేనట, కూతురే తెచ్చి ఇచ్చిందట. పని చేయకపోతే ఈ నంబరుకి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు అని ఫ్రిజ్ మీద కాగితం అంటించి ఆఫీసుకి పోయిందట. అన్నీ సరిగ్గానే ఉన్నాయి కదా. నేను స్క్రీన్ మీద ఫారం తెరిచాను.

లైటు వెలుగుతోందా అని అడిగాను. మూడుసార్లు మిణుకుమని ఆరిపోతోందన్నాడు. ఆగిపోయినప్పుడు ఏం చూస్తున్నారండీ అని అడిగాను. గోడ చూస్తున్నా అన్నాడు. వాళ్ల టీవీ గోడకి బిగించి ఉంటుందనుకున్నాను. అదే సమయంలో ఇంట్లో ఇంకెవరైనా వాడుతున్నారా, ఇద్దరు ముగ్గురు ఒకేసారి వాడితే అందరికీ తగ్గిపోతుంది అని చెప్పాను. ఆయన నొచ్చుకున్నాడు. ఇది తనదొక్కడిదేనని, వాళ్ల ఇంటామె ఇలాంటివి ముట్టనే ముట్టదని, ఆమెకి వాసనే పడదని అన్నాడు. ఆ 'వాసన' దగ్గరైనా నాకు బుర్ర వెలగాలి. వెలగలేదు. సీరియళ్లంటే వాసన కూడా గిట్టని మనిషి కాబోలు, అదృష్టవంతుడు అనుకున్నాను.

ఇక ఫారంలో తర్వాతి గడి, ఏ ప్యాకేజీ అని.

"పుదీన" అన్నాడు.

నవ్వకండి. మా మార్కెటింగ్ వాళ్లు అంతకు ముందు ఎండాకాలంలో 'మ్యాంగో ప్యాక్' అని ఒకటి వదిలారు, దాని గురించి మాకు ఎవరూ చెప్పలేదు. ఫోన్లు వచ్చాకే తెలిసింది. ఇప్పుడు పుదీనా ఒకటి వదిలారన్నమాట, మళ్లీ మాకు చెప్పలేదన్నమాట అని నాకు ఒళ్లు మండిపోయింది. కంపెనీ మీద కోపంతో, ఆ గడిలో 'పుదీనా' అని టైపు చేశాను. అది ఇప్పటికీ రికార్డుల్లో ఉండి ఉంటుంది.

"అమ్మా, ఒక్క మాట చెప్త" అన్నాడాయన. "ఇయ్యాల తొమ్మిదో దినం. ఇది నడవకపోతె నేను మళ్ల పాతదే మొదలువెడ్త. నాతోని అయితలేదు."

పాత కంపెనీకి వెళ్లిపోతానంటున్నాడని అర్థం చేసుకున్నాను. కస్టమర్ చేజారితే మళ్లీ నా లెక్కలోనే పడుతుంది. తొందరపడకండి బాబాయిగారూ అని బతిమాలాను. స్టిక్‌ని ఊడదీసి, ఒక నిమిషం ఆగి, ఎప్పుడూ పెట్టే చోటే గట్టిగా పెట్టమన్నాను. పెట్టాక బటన్ నొక్కి పది సెకన్లు పట్టుకోమన్నాను. ఊఁ అన్నాడు. ఆ తర్వాత ఆయన గొంతు ముద్దముద్దగా వినిపించసాగింది. లైను బాగోలేదనుకుని నేనూ గట్టిగా మాట్లాడడం మొదలుపెట్టాను. ఇద్దరం కలిసి పది దాకా లెక్కపెట్టాం.

పది అనగానే ఆయన దగ్గు అందుకున్నాడు. ఆగని దగ్గు. మధ్యలో ఒక్క మాట వినపడింది, మాడు వాసన వస్తోందని.

మా దగ్గర దేనికైనా క్షమాపణ ఉంది గానీ మాడు వాసనకి లేదు. దానికి ఎర్ర కాగితం వేరే ఉంది. వస్తువు కాలుతోందంటే కస్టమర్‌ని ముందు ఇంట్లోంచి బయటికి పంపాలి, తర్వాత అగ్నిమాపక దళానికి చెప్పాలి. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. బాబాయిగారూ, అన్నీ వదిలేసి ఇంట్లోంచి బయటికి వచ్చేయండి అని అరిచాను. ఫ్లోర్ మీద ఉన్న పాతికమందీ నా వైపు తిరిగారు.

"నేను బయటనే ఉన్నగదమ్మా. గరాజ్‌ల ఉన్న" అన్నాడు.

"స్టిక్ ఎక్కడుందండీ?"

"నోట్లున్నది."

ఎనిమిదేళ్ల అనుభవం ఉంది నాకు. స్టిక్‌ని కుక్క నమిలినవాళ్లని చూశాను, వాషింగ్ మెషీన్‌లో వేసినవాళ్లని చూశాను. నోట్లో పెట్టుకున్నవాళ్లు తగల్లేదు. ఆ స్టిక్ ఎవరిచ్చారని అడిగాను, ఈసారి నెమ్మదిగా. మందుల షాపులో ఇచ్చారని చెప్పాడు. నలభై ఏళ్లుగా సిగరెట్లు కాలుస్తున్నాడట, మానడానికి డాక్టరు చెబితే కూతురు షాపుకి తీసుకెళ్లి ఇప్పించిందట. అది వేప్, సిగరెట్టు బదులు ఆవిరి పీల్చే గొట్టం. పుదీనా దాని రుచి. ఆ వారంలోనే కూతురు టీవీకి మా స్టిక్ కూడా కొన్నది, ఫ్రిజ్ మీద కాగితం దాని కోసం. ఇంట్లో రెండు స్టిక్కులుంటే పాపం ఆయన ఆ కాగితం తన స్టిక్ గురించే అనుకున్నాడు. స్టీమ్ అంటే స్టీమే. ఆయన ఉన్నదున్నట్టు పలికాడు. తప్పు విన్నది నేను. ఎనిమిదేళ్లలో మొదటిసారి ఒక మనిషి ఆ మాటని సరిగ్గా వాడితే, నేను దిద్దేశాను.

కూర్చున్నాను. ఎదురుగా కార్డు. ఇంతకన్నా పరిధి దాటిన సమస్య ప్రపంచంలో ఉండదు. చదువుదామని నోరు తెరిచాను కూడా. అప్పుడు ఆయన, తనకు తాను చెప్పుకుంటున్నట్టుగా, "ప్యాకిట్ జేబులనే ఉన్నది. తీస్తున్న" అన్నాడు.

అప్పుడర్థమైంది నాకు తొమ్మిదో దినం అంటే ఏమిటో. పాతది మొదలుపెట్టడమంటే ఏమిటో కూడా. ఇక కార్డు చదివే ప్రసక్తే లేదు. ప్యాకెట్టు లోపలే ఉంచండి, నేను బాగుచేయిస్తాను అనేశాను. ఎలా చేయిస్తానో నాకే తెలియదు. మా ఇంట్లో అగరుబత్తి పొగ ఎక్కువైతేనే కిటికీలు తెరిచే మనిషిని నేను.

ఫోన్ మ్యూట్ చేసి పక్క సీటావిడ వైపు తిరిగాను. వేప్ అంటే నీకేమైనా తెలుసా అని అడిగాను. ఆవిడ నన్ను ఒక్క క్షణం జాలిగా చూసి, హ్యాండ్‌బ్యాగులోంచి ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. పిప్పరమెంటు వాసన గుప్పుమంది. వాము ఇచ్చినందుకు నాకు తల కొట్టేసినట్టయింది.

ఇక మా ఇద్దరి కచేరీ. ఆవిడ తన ఫోన్లు ఆపేసి చెబుతుంటే నేను తెలుగులో చెప్పాను. దాని పై ముక్క పాడ్ అంటారట, ఊడదీయమన్నాను. దాని అడుగున చూడమన్నాను. ఆయన కళ్లద్దాలు వెతుక్కున్నాడు, అవి నెత్తి మీదే ఉన్నాయి. అడుగున చిన్న స్టిక్కరు సగం ఊడి వేలాడుతోందట. దాని మీద ఏదో రాసి ఉందట. ఒక్కో అక్షరం చదివాడు. వాడే ముందు తీసేయండి అని. అది అడ్డం పడే ఇంతసేపూ లైటు మిణుకుమంది. నా మాట విని గట్టిగా నొక్కేసరికి లోపల ఎండిపోయి ఉన్న దూది కాస్తా మాడింది. అంటే మాడించింది నేనే. ఆ సంగతి ఆయనకి చెప్పలేదు, ఇప్పుడు మీకు చెబుతున్నాను.

అదృష్టం కొద్దీ పెట్టెలో ఇంకో పాడ్ ఉంది. "టెల్ హిమ్ టు లెట్ ఇట్ సోక్, లవ్. టెన్ మినిట్స్" అంది పక్కావిడ. కొత్తది స్టిక్కరు తీసి పెట్టి, దూది తడిసేదాకా పది నిమిషాలు ముట్టుకోకూడదట. కొత్తగా మొదలుపెట్టినవాళ్లందరూ తప్పు చేసేది అక్కడేనట. ఆగలేరు.

పది నిమిషాలు. జేబులో ప్యాకెట్టున్న మనిషి, ఒక్కడూ గరాజ్‌లో. అప్పటికే నా కాల్ పదమూడు నిమిషాలైంది. ఫోన్ పెట్టేసి మళ్లీ చేయమంటే ఏమవుతుందో నాకు తెలుసు. అందుకని ముచ్చట్లు మొదలుపెట్టాను. దాంట్లో నాకు ఎవరూ సాటి రారు. గరాజ్‌లో ఎందుకున్నారు బాబాయిగారూ అని అడిగాను. వాసన పోయేదాకా ఇంట్లోకి రావద్దని ఇంటామె హుకుం వేసిందట. గరాజ్‌లో ఒక కుర్చీ, గడ్డి కోసే మిషను, ఆయన. భార్య కోపానికి ఆయన భయపడడు, అది నలభై ఏళ్ల అలవాటే. బాధ వేరేది.

"మనవరాలుంది, అయిదేండ్లది" అన్నాడు. "దానికి తెలుగు సమజైతది గని ఇంగ్లీషే మాట్లాడ్తది. ఎత్తుకుంటె ముక్కు మూస్కుంటది. 'తాతా, యూ స్టింక్' అంటది. నాకు ఇంగ్లీషు పెద్దగ రాదమ్మా. గా ముక్క మాత్రం ఎవ్వరు చెప్పకుండనే సమజైంది."

వెంటనే, ఇంకెంత నానాలి అని అడిగాడు.

సరిగ్గా అప్పుడే నా వెనక గొంతు సవరించుకున్న చప్పుడు. సూపర్‌వైజరుగారు ఎప్పుడొచ్చి నిలబడ్డారో తెలియదు. ఆయనకి తెలుగు వస్తుంది గానీ నా వేగం అందుకోలేడు, అక్కడో మాట ఇక్కడో మాట పట్టుకుంటాడు. పుదీనా పట్టుకున్నాడు. మాడు వాసన పట్టుకున్నాడు. పది నిమిషాలు నానాలి అన్నది పట్టుకున్నాడు.

"క్యా మేడమ్, కస్టమర్‌కు చట్నీ చెప్తున్నరా మీరు?" అన్నాడు.

మ్యూట్ చేసి, చట్నీ కాదు సార్ అన్నాను. కార్డు వైపు వేలు చూపించాడు. ఇంకా ఆరు నిమిషాలు నానాలి సార్ అన్నాను. నా జీవితంలో పై అధికారికి ఎదురు చెప్పింది అప్పుడే, అదీ ఇంత చక్కటి వాక్యంతో. ఆయన ముఖం చూసి ఇక లాభం లేదని ఉన్నదంతా చెప్పేశాను. స్టీమ్, స్టిక్, గరాజ్, మనవరాలు, అన్నీ. పక్కావిడ తన వేప్‌ని బల్ల మీద సాక్ష్యంగా ముందుకు జరిపింది. దానివల్ల మాకేమీ మేలు జరగలేదు.

ఆయన గడియారం చూసుకున్నాడు. ఇక అయిపోయింది నా తెలుగు లైను అనుకున్నాను. చివరికి, "ప్యాకిట్ తీసిండా, ఇంక లోపలనే ఉందా?" అని అడిగాడు. లోపలే ఉంది అన్నాను. కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుని, స్పీకర్ పెట్టమన్నాడు. గడియారం ఆయన చేతిలోనే ఉంది కదా, మిగిలిన నిమిషాలు ఆయనే చెబుతూ వచ్చాడు. అయిదు. నాలుగు. ఏడు నిమిషాలకి మించి ఆయన ఓపిక పట్టిన కాల్ నాకు తెలిసి అదొక్కటే.

టైమయ్యాక పక్కావిడ చివరి మాట చెప్పింది. సిగరెట్టు లాగినట్టు లాగకూడదు, మెల్లగా పీల్చాలి. వేడి చాయ్ గుక్క తాగినట్టు తాగండి బాబాయిగారూ అన్నాను. మేం ముగ్గురం స్పీకర్ మీదికి వంగిపోయాం. తర్వాత పొడుగ్గా ఒక ఊపిరి వదిలిన చప్పుడు.

"వచ్చింది బిడ్డా" అన్నాడు. "స్టీమ్ వచ్చింది."

పక్కావిడ బల్ల మీద కొట్టింది. సూపర్‌వైజరుగారు, ఇది మాత్రం నేను ఊహించలేదు, మైకు దగ్గరికి వచ్చి, ప్యాకిట్ పారేయండి సాబ్ అన్నాడు. ఎవరీయన అని పెద్దాయన అడగనైనా అడగలేదు. అడుగుల చప్పుడైంది, చెత్త డబ్బా మూత తెరుచుకుని ధన్‌మని మూసుకుంది. కాల్ ముప్పై నిమిషాలకి రెండు తక్కువ. సమస్య ఏ రకం అన్న గడిలో ఏం రాయాలని సార్‌ని అడిగాను. 'స్టిక్ రీసెట్' అని రాయమన్నాడు.

మా దగ్గర కాల్ అయ్యాక కస్టమర్‌కి చిన్న ఫారం వెళ్తుంది, నక్షత్రాలు ఇవ్వమని. ఆయన అయిదూ ఇచ్చాడు. కింద ఇంగ్లీషులో, "స్టీమ్ ఈజ్ కమింగ్. గుడ్ లేడీ" అని రాశాడు. నెలాఖరు మీటింగులో పై ఊరి నుంచి వచ్చిన పెద్ద మేనేజరు అది చదివి, స్ట్రీమ్ అన్న మాట స్పెల్లింగ్ కూడా రానివాళ్లు మనల్ని మెచ్చుకుంటున్నారంటే తెలుగు లైను ఎంత అవసరమో చూడండి అన్నాడు. సూపర్‌వైజరుగారు గొంతు సవరించుకున్నాడు. నేను పెన్ను కింద పడినట్టు వంగి, బల్ల కిందే కాసేపు ఉండిపోయాను. లైను తీసేయలేదు. నా తర్వాత తెనాలి అమ్మాయి ఒకామె చేరింది. నా అంత మాట్లాడదు గానీ పర్వాలేదు.

రిటైరయ్యాక, ఏడాది దాటిందేమో, మా ఆయనా నేనూ సిడ్నీ అవతల హెలెన్స్‌బర్గ్‌లో ఉన్న మన గుడికి వెళ్లాం. దర్శనమయ్యాక క్యాంటీన్ వరుసలో నిలబడ్డాం. మా వెనకాల ఎవరో కౌంటరులో అబ్బాయికి వినపడేలా ఫిర్యాదు చేస్తున్నారు, ఇడ్లీలు సల్లగున్నయని.

"చూడు బిడ్డా, స్టీమ్ వస్తలేదు" అన్నాడాయన.

ప్లేటు పట్టుకుని గిర్రున తిరిగాను. పలచగా, పొడుగ్గా, నెత్తి మీద కళ్లద్దాలతో ఒక పెద్దాయన. పక్కన భార్య. భుజం మీద ఒక పిల్ల, ఆయన మెడలో ముఖం పెట్టుకుని నిద్రపోతోంది. ముక్కు ఆయన చర్మానికి ఆనుకుని ఉంది. నేను ఎవరినో చెప్పకముందే నాకు కళ్లల్లో నీళ్లు వచ్చేశాయి. మా ఆయన ఇడ్లీలకి ఏడుస్తున్నాననుకున్నాడు.

చెప్పాక ఇక సంబరమే. సిగరెట్లు అటే పోయాయట. ఆ మందుల షాపు స్టిక్ కూడా డాక్టరు చెప్పినట్టే తగ్గించుకుంటూ వచ్చి మానేశాడట. గరాజ్‌లో కుర్చీ ఖాళీగా ఉందట. ఇదంతా చెబుతుంటే భార్య మాత్రం నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుని వరుసలోంచి పక్కకి తీసుకెళ్లింది.

"అది మాన్పిచ్చినవ్, నీకు పుణ్యముంటది" అంది. "ఇప్పుడు పొద్దందాక మీ రెండో స్టిక్కు వట్టుకోని కూసుంటున్నడు. సీరియల్ మీద సీరియల్. బువ్వకు పిలిస్తె లేవడు, మాట్లాడిస్తె పల్కడు. గిది గూడ మాన్పియ్యనీకి ఏమన్న ఉన్నదా బిడ్డా?"

ఎనిమిదేళ్లు మానిటర్ కింద చూసి చూసి కంఠతా వచ్చిన వాక్యం. నిటారుగా నిలబడి, గొంతు సవరించుకుని, మహా మర్యాదగా మొదటిసారి చెప్పాను.

"క్షమించండి, ఈ సమస్య మా సేవల పరిధిలోకి రాదు."